నిమ్‌పురా క్వార్టర్స్‌లో అమ్మవారి క్యూ

2023 ఎండాకాలం. బెంగాల్‌లోని రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో మన తెలుగువాళ్ళు అమ్మవారికి చేసే మాతాపూజల రోజులు. నేను మానసిక ఆరోగ్య నర్సుని. టౌన్ పోలీసులతో కలిసి పనిచేసే క్రైసిస్ టీంలో ఉన్నాను. ఎక్కడైనా ఒక మనిషికి మనసు అదుపు తప్పిందని స్టేషన్‌కు కబురొస్తే, లాఠీ కన్నా ముందు మేం వెళ్ళాలన్నది ఒప్పందం. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. వాళ్ళు మమ్మల్ని పిలిచేసరికి సగం పని చెడిపోయి ఉంటుంది, మిగతా సగం మా నెత్తిన పడుతుంది.

ఆ మధ్యాహ్నం హెడ్ కానిస్టేబుల్ మండల్ బాబు ఫోన్ చేశాడు. "దీదీ, నిమ్‌పురా ఆయియే. క్వార్టర్స్‌మే బహుత్ భీడ్ హై." ఫిర్యాదు ఏమిటయ్యా అంటే, అక్కడి రైల్వే క్వార్టర్స్‌లో ఒక ఇంటి ముందు జనం విపరీతంగా పోగయ్యారట, క్యూలో నేను ముందంటే నేను ముందని ఇద్దరు కొట్టుకున్నారట, స్కూటర్లకు దారి లేదట. దీనికి నేనెందుకని విసుక్కుంటూనే ఎండలో పడి వెళ్ళాను.

రైల్వే క్వార్టర్ గుమ్మం నుంచి రోడ్డు దాకా జనం. చేతుల్లో వేపమండలు, పసుపు నీళ్ళ చెంబులు. ఆ క్యూలో మన మండల్ బాబు కూడా ఉన్నాడు, బూట్లు విప్పి, టోపీ చంకలో పెట్టుకుని!

"మీరూనా?" అన్నాను.

"ఏక్ హీ సవాల్, దీదీ. ట్రాన్స్‌ఫర్ కా," అన్నాడు సిగ్గుపడుతూ. ఆ ఇంటి కోడలికి అమ్మవారు పూనిందట, ఆయన అడగబోయేది ఒక్క ప్రశ్నేనట, బదిలీ ఎప్పుడని.

నాకు ఒళ్ళు మండిపోయింది.

లోపల పైడమ్మ అనే బాలింత. పాతికేళ్ళుంటాయేమో. బిడ్డ పుట్టి నెల కూడా కాలేదు. మెడ నిండా దండలు, విరబోసిన జుట్టు. ఊగిపోతూ, అడిగినవాళ్ళకల్లా ఏదో ఒకటి చెబుతోంది. మొగుడు రైలు డ్యూటీలో ఊళ్ళో లేడు. అత్తగారు సింహాచలమ్మ నన్ను చూసి మురిసిపోయింది.

"మా ఇంటికి అమ్మొచ్చినాదమ్మా! మూడు దినాలయి కునుకు నేదు, మెతుకు ముట్టనేదు. మనిసైతే ఉండగలదేటి?"

ఉండలేదు. అందుకే నాకు భయం పట్టుకుంది. దీన్ని మేం పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ అంటాం. కాన్పయ్యాక కొందరు తల్లులకు నిద్ర కరువై, లేని గొంతులు వినిపిస్తాయి. మందులు వేస్తే చాలామందికి నయమవుతుంది. వదిలేస్తే తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికి వస్తుంది. అమ్మవారికి నేనూ మొక్కుతాను, కానీ ఆ ఇంట్లో ఉన్నది జబ్బు.

అంతలో పైడమ్మ గట్టిగా అరిచింది. "ఆ బిడ్డ నాది! పొద్దు గూకకముందే నా కాడికి పంపించీండి!"

జనం చేతులెత్తి మొక్కారు. "సూసినారేటి, నా మనవడు అమ్మ బిడ్డంట!" అంటూ సింహాచలమ్మ పసివాణ్ణి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టబోయింది. పంపించడమంటే ఏమిటో వాళ్ళకు అర్థం కాలేదు, బిడ్డ ప్రాణం తీయడమని నాకు అర్థమైంది.

"ఇవ్వకండి! అమ్మ కాదు, జబ్బు!" అని అరిచాను.

"అమ్మకే జబ్బంటావేటి! కళ్ళు పోతాయి!" అని అందరూ నా మీద పడ్డారు.

"మండల్ బాబూ, ముందు బూట్లు తొడుక్కోండి!" అన్నాను. తొడుక్కున్నాక ఆయనకు పోలీసునన్న సంగతి గుర్తొచ్చినట్టుంది. జనాన్ని గుమ్మం బయటికి నెట్టాడు, బిడ్డతో సహా సింహాచలమ్మను పక్క గదిలో కూర్చోబెట్టాడు.

మా పనిలో డీ-ఎస్కలేషన్ అని ఒకటుంది. గొంతు తగ్గించి, ఒక్కరే మాట్లాడి, మనిషిని నెమ్మదింపజేయడం. నేలమీద ఆమె పక్కన కూర్చున్నాను.

"పైడీ, ఏటైనా తిన్నావేటమ్మా? కునుకైనా పట్టినాదా?"

ఊగడం ఆగింది.

"నేదక్కా," అంది చిన్న గొంతుతో. "తలకాయలో మైకెట్టినట్టున్నాది. ఆపించీ అక్కా."

"డాక్టరు ఆపుతాడు. ఎల్దామా?"

లేచి నిలబడింది. "అత్తా, నేనెల్తన్నాను," అంది.

అమ్మే వెళ్తానంటే అడ్డుకునేవాళ్ళెవరు? జనమే దారిచ్చారు, కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోశారు. ఇంతా అయ్యాక కూడా ఒకావిడ మేం ఎక్కిన పోలీసు జీపు కిటికీలోంచి తల దూర్చి, కూతురి సంబంధం కుదురుతుందా అని అడిగింది. జీపు పోనిమ్మన్నాను.

ఆస్పత్రిలో మందులు పడ్డాయి, నిద్ర పట్టింది. కొన్ని వారాలకు పైడమ్మ బిడ్డను భుజాన వేసుకుని చెకప్‌కు వచ్చింది.

"అంతమంది నా కాళ్ళకి దండమెట్టినారక్కా," అంది. "తిన్నావేటే అని ఒక్కలూ అడగనేదు."

అప్పటినుంచి ఏ కేసుకు వెళ్ళినా నేను ముందు అడిగేది తిండి, నిద్ర. పేరు, జబ్బు, ఫిర్యాదు అన్నీ తర్వాతే. దీదీ భోజనాలకు పిలవడానికి వచ్చినట్టు అడుగుతుందని స్టేషన్‌లో నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ మాట అడిగినందుకే ఆ తల్లీ బిడ్డా దక్కారు.