మా ఆయన నిద్రపోయిన రోజు

కొత్త జిల్లాలు వచ్చిన ఏడాది, పొలం గెట్టు దగ్గర గొడవలో మా ఆయన తల పగిలింది. కొట్టింది ఎవరో కాదు, ఆయన పెదనాన్న కొడుకే. పార తిరగేసి కట్టెతో కొట్టాడు. మా ఆయనా తక్కువ తినలేదు, కింద పడి కూడా వాడి చెవి కొరికాడు. నల్లగొండ దవాఖానలో కుట్లు వేసి, స్కానింగ్ తీసి, లోపల ఏమీ లేదని చెప్పి పంపించారు. గాఢంగా నిద్రపోయినప్పుడే ఒళ్లు తనను తాను బాగు చేసుకుంటుందని, మందులు దానికి సాయం మాత్రమేనని డాక్టరమ్మ నాకు రెండుసార్లు చెప్పింది.

తలకు దెబ్బ తగిలినవాడు నిద్రపోతే మళ్లీ లేవడని మా దగ్గర గట్టి నమ్మకం. ఇంటికి రాగానే మా అత్త మంచం పక్కన చేరింది. కొడుకు కన్ను మూస్తే చాలు, చెంప మీద ఒకటి వేసేది. గిచ్చేది, ముఖాన చన్నీళ్లు కొట్టేది. ఇరుగుపొరుగు వంతులేసుకుని మరీ సాయం చేశారు. ఆ ఉత్సాహమేదో గెట్టు దగ్గర చూపించి ఉంటే తల పగిలేదే కాదు. మూడో రోజుకు ఆయన చేతులు వణికాయి, మాట తడబడింది. అన్నం పెట్టబోతే కంచం నా మొహాన విసిరాడు. నా పెదవి చిట్లింది. మళ్లీ దవాఖానకు తీసుకెళ్తే, మనిషిని నిద్రపోనివ్వకుండా చంపుతారా అని డాక్టరమ్మ నన్నే తిట్టింది.

మర్నాడు పొద్దున మళ్లీ చెయ్యెత్తిన మా అత్తను రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాను. ఆమె నా జుట్టు పట్టుకుంది. తోశాను. గడప మీద పడి ఆమె మోచెయ్యి దోక్కుపోయింది. లోపలి నుంచి గడియ పెట్టాను. మొగుణ్ణి మింగడానికే వచ్చావని తిడుతూ ఆమె రోకలితో తలుపు బాదింది. ఎవరైనా లోపలికి వస్తే నరుకుతానని కొడవలి పట్టుకుని కూర్చున్నాను. ఆ మోతలోనే ఆయన గురక పెట్టాడు. ఆమె మాటే నిజమైతే ఎట్లా అని నాకూ భయమే. ఎన్నిసార్లు ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూశానో లెక్క లేదు.

పొద్దుగూకే వేళకు లేచాడు. మాట తేటగా ఉంది. నీ పెదవికి ఏమైందని అడిగాడు, ఆకలన్నాడు.

తలుపు తీశాను. కొడుకు లేచి కూర్చోవడం చూసి మా అత్త గడప బయటే కూలబడింది. ఆమెను తోసినందుకు సిగ్గేసి, ఇంత పంతం ఎందుకు పట్టావత్తా అని అడిగాను.

"మీ మామ తాడిచెట్టు మీదికెల్లి పడ్డనాడు అందరు లేపుమన్నరు. జర పండుకోనియ్యుండ్రని నేనే తలుపు పెట్టిన," అన్నది.

మామ చెట్టు మీంచి పడి చనిపోయాడని మాత్రమే నాకు తెలుసు. ఇన్నేళ్లూ ఆమె ఈ సంగతి కొడుక్కి కూడా చెప్పుకోలేదు. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చాను.