గుండెలో మర్మర్

గద్వాల బడిలో మాకు ఇంగ్లీషు చెప్పిన సారు ఏదైనా మాట పుట్టుకను తవ్వడం మొదలుపెడితే, రోడ్డు మీద వనపర్తి బస్సు కూడా ఆగి విని పోయేది. అబద్ధమనిపిస్తే డ్రైవర్లను అడగండి. చెప్పే ముందు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచేవారు.

పోయినేడు ఆయనకు మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, ఆయన్నీ, మేము అమ్మగారని పిలిచే ఆయన భార్యనూ నా కారులో వనపర్తి దవాఖానకు తీసుకుపోయాను. ఛాతీ మీద గొట్టం పెట్టి విన్న డాక్టరు, "గుండెల మర్మర్, అంటే ఒక అదనపు సప్పుడు, వినిపిస్తుంది సార్. ఎకో పరీక్ష చేయించాలె" అన్నాడు.

అమ్మగారి ముఖం పాలిపోయింది. సారు అద్దాలు తీసి తుడవసాగారు.

"మర్మరా? మస్తు మాట. లాటిన్ నుంచి వచ్చింది. సంస్కృతంల మర్మరమంటే ఎండుటాకుల సప్పుడు, పట్టుచీర గరగర. ఇంగ్లీషుల అయితే సణుగుడు. పుట్టుక తెలిసినంక భయమేంది? పరీక్ష గిరీక్ష వద్దు, ఇంటికి పోదాం" అని లేచారు.

భయం ఆయన నోట అట్లా పాఠమై బయటికొచ్చేది. నేను ఏదో అనబోయేలోపే అమ్మగారు తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

"సణుగుడంటివా? గట్లైతే గది నాదే! బీడీలు బందుపెట్టుమని ముప్పై ఏండ్ల సంది సణుగుతున్న. చెవులకెక్కలేదనుకున్న, గుండెల వోయి కూసుందన్నట్టు. నడువు, పరీక్ష చేపిద్దాం."

డాక్టరు కిందపడని పెన్ను కోసం బల్ల కిందికి వంగి నవ్వుకున్నాడు. సారు అద్దాలు పెట్టుకుని పరీక్ష గదిలోకి నడిచారు.

లోపలి అమ్మాయి యంత్రం పెట్టగానే అందులోంచి సారు గుండె చప్పుడు సన్నగా వినిపించింది. అమ్మగారు తలుపు సందులో తల దూర్చారు.

"బిడ్డా, సౌండు జర పెద్దగ పెట్టు. ఈసారన్నా ఆయన ఇనాలె."