ఏమడిగినా అవును

బీదర్ పాత బస్టాండు పక్కన కంప్యూటర్ల దుకాణం నడిపే వీరేశ్ కోతలు మొదలుపెడితే కోట కందకం కూడా నిండిపోతుంది. కాలేజీని అతను వదిలాడో, అతన్ని కాలేజీ వదిలించుకుందో ఇప్పటికీ తేలలేదు. చచ్చిన కంప్యూటర్‌లో తాను విండోస్ బదులు, ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగల లినక్స్ ఎక్కిస్తే అది లేచి కూర్చుని చాయ్ అడిగిందని ఒట్టేసి మరీ చెబుతాడు.

లినక్స్‌కు కొత్తవాళ్లు సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవాలంటే పులి మీద సవారీయే. ఆ పులిని మేకను చేసింది తానేనంటాడు వీరేశ్. తన దగ్గర కంప్యూటర్ కొనేవాళ్లకు తెర మీద ఒక పసుపు బొమ్మ పెట్టి ఇస్తాడు. దాన్ని నొక్కాలి, కావలసింది ఎంచుకోవాలి, మధ్యలో అది ఇంగ్లీషులో ఏమడిగినా 'అవును' కొట్టాలి. అంతే.

దగ్గరి ఊరు బగ్దల్‌లో బట్టలు కుట్టే కమలాబాయి ఆ మాటను నోములా పట్టింది. జాకెట్ల మీద వేసే పువ్వులు ఆమె కంప్యూటర్‌లోనే గీసుకుంటుంది. మొన్న పువ్వులు గీసే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తూ అడిగినప్పుడల్లా అవును కొట్టింది. తెర నల్లబడిపోయింది, తెల్ల అక్షరాలు తప్ప ఏమీ మిగల్లేదు.

కంప్యూటర్ డబ్బాను పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. దుకాణం నిండా జనం. దొంగతనం ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి చెప్పింది: "నాతోని ఖరాబైంది తమ్మీ. సదువు లేనిదాన్ని, నాకెందుకియ్యి. నీ తాన్నే ఉంచుకో."

వీరేశ్‌కు నోరు ఊరుకోలేదు. "ఏం నొక్కినవో గని అక్కా, ఢిల్లీల కరెంటు పోయిందంట."

అందరూ నవ్వారు. కమలాబాయి కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది గానీ తల ఎత్తలేదు.

ఆమె చేసిన తప్పేమిటో జనానికి చూపిద్దామని వీరేశ్ తన కంప్యూటర్‌లో అదే సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నాడు. ప్రశ్న వచ్చింది. అలవాటుగా వేలు అవును మీదికి పోయింది.

"ఆగు తమ్మీ. ఏమడుగుతాంది అది?" అంది కమలాబాయి.

వీరేశ్ వేలు వెనక్కి తీశాడు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నను ఒక్కసారైనా చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు బడిపిల్లాడిలా కూడబలుక్కుని చదివాడు. కొత్తది రావాలంటే పాతవి పోవాలి; పోయేవాటిలో తెర మీద బొమ్మలన్నీ చూపించే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. తీసేయమంటావా అని అది మర్యాదగానే అడుగుతోంది.

పక్క దుకాణం ఈరయ్య తన చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"నిన్ను అడిగే తీసేసిందక్కా," అన్నాడు వీరేశ్. "అవునను అని జెప్పింది నేనే."

"కాదు అనొచ్చునా మరి?"

"అనొచ్చు."

"ఇన్నొద్దులు జెప్పలేదేం?"

వీరేశ్ డబ్బా బాగుచేసి, ఆ ప్రశ్నలను తెలుగులో పెట్టడానికి కూర్చున్నాడు. మొదటి ప్రశ్న దగ్గరే ఆగి, ఎట్లా రాయమంటావని ఆమెనే అడిగాడు.

కమలాబాయి స్టూలు లాక్కుని కూర్చుంది. "తీసేయమంటవా అని రాయి. తీసేస్తే ఏమేం పోతయో గూడ ముందే రాయి."

వీరేశ్ తల వంచుకుని అట్లాగే రాశాడు.