నీళ్ళొదిలిన ఇసకదిబ్బ

మొన్న ఆదివారం మా వీధి చివర షామియానా వేశారు. నెల్లూరు చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లు చేసి అమ్ముతున్న ఒక కంపెనీ వాళ్ళు, తమ ఫౌండేషన్ తరఫున ఉచితంగా కళ్ళూ పళ్ళూ బీపీలూ చూస్తున్నారట. వీధిలో అందరికంటే పెద్దదాన్ని కనక నేనొచ్చి దీపం వెలిగించి నాలుగు మంచి మాటలు చెప్పాలని ఒక కుర్రాడు వచ్చి మర్యాదగానే అడిగాడు. మోకాళ్ళ నొప్పులు నాయనా, అని పంపించేశాను. నొప్పులున్న మాట నిజమే గానీ అసలు సంగతి అది కాదు. భూములున్న కంపెనీలు చేసే ధర్మాన్ని మెచ్చుకోవాలంటే నాకు నోరు పెగలదు, తిట్టాలన్నా పెగలదు. ఎందుకో చెబితే ఆ పిల్లవాడికి అర్థం కాదు, నా ఈడు వాళ్ళకు అవుతుందేమో.

మాది సముద్రానికి దగ్గర ఊరు. నెల్లూరు రావాలంటే ఉప్పుకాలువను పడవ మీద దాటి, అవతల బండి కట్టించుకోవాలి. ఊళ్ళో ఎక్కడ బావి తవ్వినా ఉప్పునీళ్ళే. అయితే తూర్పున ఒక పెద్ద ఇసకదిబ్బ ఉండేది, దాని మొదట్లో చేత్తో ఇసక తోడి చెలమ తీస్తే మోచేతి లోతులోనే తియ్యటి నీళ్ళు ఊరేవి. ఎవరి చెలమ వాళ్ళది, పెళ్ళయి వెళ్ళిపోయిన ఆడపిల్ల పుట్టింటికొస్తే ఆమె చెలమ ఆమెకుండేది. కొబ్బరిచిప్పతో తోడుకుంటూ, బిందె నిండేలోగా ఆడవాళ్ళు అత్తగార్ల మీద చాడీలన్నీ అక్కడే చెప్పుకునేవాళ్ళు. ఆ నవ్వుల కోసమే నేను చిన్నప్పుడు నిద్ర మానుకుని వాళ్ళ వెంట పోయేదాన్ని.

మా అమ్మ నా తమ్ముడి కాన్పుకి కష్టమై, నెల్లూరు తీసుకుపోతుండగా ఆ కాలువ మీదే, పడవలోనే పోయింది, బిడ్డా దక్కలేదు. అప్పటి నుంచి అక్కనూ నన్నూ మా అమ్మ తండ్రి, అంటే మా తాతే పెంచాడు. ఊరికి పెద్ద ఆయన. అక్క ఈడేరగానే తన కొడుక్కే, మా మేనమామకే, చేసి ఇంట్లోనే ఉంచుకున్నాడు.

నేను పావడాలు కట్టుకునే రోజుల్లోనే చెన్నపట్నం కంపెనీ ఒకటి ఆ తీరం పొడుగునా భూములు కొని సరుగుడు తోపులు వేస్తూ వచ్చింది. ఆ కట్టెలన్నీ కాలువ మీద పట్నానికి పోయేవి. దాని యజమాని తన తల్లి పేరున ఒక ధర్మసంస్థ పెట్టి, తోపులున్న ఊళ్ళకు బడో సత్రమో కట్టిస్తుండేవాడు. మా ఊరికి కారు రాదు, పడవ దిగి ఇసకలో నడిచి వచ్చాడు. ధర్మాసుపత్రి కట్టిస్తామన్నాడు. ఆ మాట వినగానే మా తాత కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత ఆ యజమాని దిబ్బ వైపు చూపించి, దాని మీద కూడా మొక్కలు వేసుకుంటామని, అభ్యంతరం లేదు కదా అని అడిగాడు. తాత నోటితో జవాబు చెప్పలేదు. చెంబుతో చెలమ నీళ్ళు తెప్పించి, ఆయన్ని చేతులు పట్టమని సైగ చేసి, ఆ దోసిట్లో నీళ్ళు పోశాడు.

మంత్రం లేదు, పురోహితుడు లేడు, కాయితం అసలే లేదు. చేతిలో నీళ్ళు వదిలితే ఇచ్చేసినట్టే మా ఊళ్ళో. ఆవునైనా, నేలనైనా, పిల్లనైనా అంతే.

ఆసుపత్రి చెప్పినట్టే కట్టారు, నేను అబద్ధం చెప్పను. సున్నం కొట్టిన గోడలు, ఊళ్ళోనే కాపురమున్న కాంపౌండరు, వారం వారం వచ్చే డాక్టరు. అక్క తొలికాన్పు అక్కడే అయింది. నెత్తురు ఆగకపోతే సూదులేసి తల్లినీ బిడ్డనూ బతికించారు. మగబిడ్డ, బొద్దుగా ఉండేవాడు, నా చంక దిగేవాడు కాదు. మా తాత ఆ ఆసుపత్రి ముందు నుంచి పోయినప్పుడల్లా చెప్పులు విడిచి నడిచేవాడు.

ఈలోగా మొక్కల్ని మేకలు తింటున్నాయని దిబ్బ చుట్టూ ముళ్ళకంచె వేశారు. మొక్కలకు నీళ్ళు పెట్టడానికి చెలమలున్న చోటే పెద్ద పెద్ద గుంటలు తవ్వారు, దొరువులంటాం వాటిని. మా చెలమలన్నీ కంచెలో పడిపోయాయి. ఆసుపత్రి ఆవరణలో తవ్వించిన బావి మొదట బాగానే ఉండి, ఆ ఎండాకాలానికి ఉప్పెక్కింది. ఆడవాళ్ళు పశువుల గుంట నీళ్ళు వడగట్టి ఇంటిల్లిపాదికీ తాగించడం మొదలుపెట్టారు. కావలివాడు మంచివాడే, బతిమాలితే తడిక తీసేవాడు. ఇచ్చిన చోటికి బిందె పట్టుకుపోవడం ముష్టెత్తడమేనని తాత కట్టడి చేశాడు, ఆయన మాట దాటే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

అప్పుడు ఊళ్ళో వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. పాపం ఆ కాంపౌండరు నిద్రాహారాలు లేకుండా చూశాడు. కంపెనీ అయ్య పట్నం నుంచి మందులూ పాలపొడీ పడవ నిండా పంపించాడు, ఊరంతా ఆయన్ని దేవుడన్నారు. అక్క కొడుకూ జబ్బున పడ్డాడు. విచారణకి నాయుడుపేట వైపు నుంచి ఒక తాలూకా ఆఫీసరు వచ్చి, ఆ దిబ్బ సర్కారు పోరంబోకనీ, దాన్ని ఇవ్వడానికి ఎవరికీ హక్కు లేదనీ, మేమివ్వలేదు అని ఊరి పెద్ద ఒక్క మాటంటే ఆక్రమణ కింద రాసుకుని మర్నాడే కంచె తీయిస్తాననీ చెప్పాడు. ఊరంతా మా తాత వైపు చూసింది. అక్క, వాడిపోయిన పిల్లవాణ్ణి భుజానేసుకుని, అందరికంటే ముందు నిలబడి ఉంది.

"నా చేత్తో నీళ్ళొదిలినాను సార్. ఇచ్చినదాన్ని ఇయ్యలేదని ఎట్ట చెప్పేది?" అన్నాడు తాత.

"తాతా, బిడ్డ తాతా!" అని మాత్రం అంది అక్క. తాత తల వంచుకున్నాడే గానీ మాట మార్చలేదు. ఆఫీసరు వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే పిల్లవాడు పోయాడు. పసిబిడ్డల్ని పూడ్చేది ఆ దిబ్బ పక్కనే, ఆ చోటూ కంచెలో పడిపోయింది. తాత వాణ్ణి చేతుల మీద తీసుకుపోతుంటే కావలివాడు అడక్కుండానే తడిక తీసి పక్కకు తప్పుకున్నాడు. తాత లోపలికి అడుగు పెట్టలేదు. వెనక్కి తిరిగొచ్చి, మా చేని గట్టు కింద తనే తవ్వి పూడ్చాడు. ఊళ్ళో అందరూ ఆయన నిష్ఠకు చేతులెత్తి దణ్ణం పెట్టారు. నాకు మాత్రం ఆ చేతులు చూస్తే భయమేసేది.

కొన్నేళ్ళకు ఆసుపత్రి వార్షికోత్సవానికి కంపెనీ అయ్య మళ్ళీ వచ్చాడు. మనిషి మంచివాడు, మాట మెత్తన. వేదిక మీద నిలబడి మా ఊరి మర్యాదను తెగ మెచ్చుకున్నాడు. తొలిసారి వచ్చినప్పుడు ఎండలో ఇసకలో నడిచొచ్చి, ఒళ్ళంతా దుమ్ముకొట్టుకుని ఉంటే, అడక్కుండానే ఈ పెద్దాయన చేతులు కడుక్కోమని చల్లటి నీళ్ళు పోశాడని, ఆ చల్లదనం తానింకా మరిచిపోలేదని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న మా తాత కొట్టలేదు. నా పక్కనున్న అక్క లేచి, ఎవరివంకా చూడకుండా ఇంటికి నడిచిపోయింది. ఆ తర్వాత తాత ఉన్నన్నాళ్ళూ వేళకు అన్నం పెట్టింది, జబ్బు చేస్తే చాకిరీ చేసింది, మాట మాత్రం మాట్లాడలేదు. ఆమెకు మళ్ళీ పిల్లలు కలగలేదు.

ఇప్పుడు ఆ ఆసుపత్రి లేదు, ఆ దిబ్బ ఇసక లారీలకెక్కిపోయింది, ఊళ్ళో అందరూ కొనుక్కున్న నీళ్ళే తాగుతున్నారు. నా సావాసగత్తెలు కలిసినప్పుడల్లా ఆ రోజులే వేరంటారు. అప్పటి మనుషులు మాటంటే ప్రాణమిచ్చేవాళ్ళని, ఇప్పుడు పొద్దున సంతకం పెట్టి సాయంత్రానికి కోర్టుకు పోతున్నారని అంటారు. నిజమే. నేనూ తల ఊపుతాను. ఊపుతూనే, ఎవరూ మాట మీద నిలబడని ఈ రోజుల్లో పుట్టి ఉంటే మా అక్క కొడుకు బతికేవాడు కదా అనుకుంటాను.