ఇన్‌బాక్స్‌లోంచి మాయమైన అంజాయ్ దంపతులు

హోసోయా కునిహికోకు కంప్యూటర్ విద్య వచ్చని ఆ విడిదిలో అందరూ నమ్మడానికి కారణం ఒక్కటే. పద్దెనిమిదేళ్ళ క్రితం ఫ్యాక్స్ యంత్రంలో ఇరుక్కున్న కాగితాన్ని ఆయన చేత్తో బయటికి లాగాడు. అప్పటిదాకా వేణ్ణీళ్ళ తొట్లు కడుగుతూ, బాయిలరు చూసుకుంటూ ఉన్న మనిషి మర్నాటి నుంచీ మాస్టారైపోయాడు. యమగత కొండల్లో, వేడినీటి బుగ్గల దగ్గర ఇరవై గదుల విడిది అది. ఆ పదవికి ఇంకెవరూ పోటీకి రాలేదు. ఆయనా కాదనలేదు. మాస్టారూ అని ఎవరైనా పిలిస్తే లోపలెక్కడో చక్కిలిగిలి పెట్టినట్టుండేది. అరవై ఒకటో ఏట కూడా అది తగ్గకపోవడమే వచ్చిన చిక్కు.

ఈసారి ఆకులు పండి కొండలు ఎర్రబడి, వాటిని చూడవచ్చేవాళ్ళతో గదులన్నీ నిండే రోజుల్లో, ముందుగదిలో బుకింగులు చూసే మిసావోకు వచ్చిన ఈమెయిళ్ళు మాయమవుతున్నాయని బయటపడింది. మిసావో నలభై రెండేళ్ళ మనిషి. మే నెలలో ఆర్నెల్ల ఒప్పందం మీద చేరింది. దాన్ని పొడిగించాలా వద్దా అన్నది ఈ నెలాఖరుకి యజమానురాలు తోకుకో గారు తేల్చాలి.

"మాస్టారూ, ఇప్పుడే కళ్ళారా చూశాను. మూడు ఉత్తరాలు. ఫోనెత్తి మాట్లాడి పెట్టేసేసరికి లేవు. మొబైల్లో చూస్తే అక్కడా లేవు!"

"చెత్తబుట్టలో చూశావా?"

"రెండుసార్లు చూశానండీ."

హోసోయా మౌస్ పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. ఏమీ తెలియనప్పుడు గట్టిగా "ఊఁ" అనడం ఆయన పద్ధతి. ఆ రోజు మూడుసార్లు అన్నాడు.

శనివారం సాయంత్రం అంజాయ్ దంపతులు దిగారు. ఏటా వచ్చే ముసలివాళ్ళు. గది కావాలని ఈమెయిలు రాశామన్నారు. అలాంటిది రాలేదు, గదీ లేదు. జవాబు రాకపోయినా, ఏటా వచ్చేవాళ్ళమే కదా, మళ్ళీ అడగడం బాగోదని ఊరుకున్నారట. యజమానురాలి కోసం తమ పెరటి చెట్టు పెర్సిమన్ పళ్ళు ఖర్జూరాల్లా ఎండబెట్టి బుట్టలో తెచ్చారు. ఆ బుట్టను ముసలావిడ గుమ్మంలోనే పెట్టేసి, భర్త వెనకాల వీధి చివరి విడిదికి నడిచింది.

తోకుకో గారు హోసోయానీ, మిసావోనీ లోపలికి పిలిచారు. "ఏం జరిగింది మాస్టారూ?"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "జవాబిచ్చిన ఉత్తరాలన్నీ వేరే ఫోల్డర్లో భద్రంగా ఉన్నాయమ్మగారూ. ఇవ్వనివే పోయాయి. యంత్రానికి ఆ తేడా తెలీదు. చెయ్యి జారేది మనుషులకే."

మిసావో తల దించుకుంది. తను చెప్పింది అద్భుతంగా ఉందనే అనుకున్నాడు హోసోయా.

సోమవారం, ఊరికే తన మాట నిజమని రుజువు తెచ్చుకుందామని, మెయిల్ సర్వర్ నడిపే కంపెనీకి ఫోన్ చేశాడు.

"మీ మెయిల్‌బాక్సుని ఎన్ని యంత్రాలు తెరుస్తున్నాయండీ?" అన్నాడు అవతలి అబ్బాయి.

"రెండే. ముందుగది కంప్యూటరు, మొబైలు."

"మూడోది కనిపిస్తోంది సార్. రోజూ పదకొండున్నరకి వచ్చి, ఇన్‌బాక్సులో ఉన్నవన్నీ దించుకుని, సర్వర్లోంచి చెరిపేస్తోంది. ఒంటిగంట దాకా అదే పని. వేరే ఫోల్డర్లు ముట్టుకోదు. మీ విడిది నుంచే వస్తోంది."

దొంగ ఇంట్లోనే ఉన్నాడన్నమాట! వంటవాడి మీద అనుమానం, ఎదుటి విడిది వాళ్ళ మీద ఇంకాస్త అనుమానం పెట్టుకుని, టైము పదకొండున్నర కావస్తోందని హోసోయా బాయిలరు పక్క కొట్లోకి వెళ్ళాడు. ఆ రోజు దిగే అతిథుల పేర్లు గుమ్మంలో పలక మీద పెట్టడం ఆయన పనే. ఆయన చేతిరాత చూసి, వాన చినుకులు పడ్డట్టుందని తోకుకో గారు సెప్టెంబరులో అన్నారు. అప్పుడే, కుంచెతో రాసినట్టుండే అక్షరాలు అచ్చువేసే పాత కంప్యూటర్ని గుడ్డ విప్పి బయటికి తీశాడు.

మీట నొక్కాడు. ఠంగుమంది. ఆ మోత రోజూ వింటున్నదే. పాతకాలపు యంత్రం, మర్యాద తెలిసినది, తనకు నమస్కారం పెడుతోందని ఇన్నాళ్ళూ మురిసిపోయాడు. ఈసారి తెర మీద మూలనున్న ఉత్తరాల బొమ్మను తెరిచి చూశాడు. కొత్త ఉత్తరాలు ఐదు. వాటి కింద వరసగా, నెలన్నరగా పోయినవన్నీ. అంజాయ్ గారిదీ ఉంది.

విడిదికి ఒకే కంప్యూటరున్న రోజుల్లో, ఉత్తరాలు దించుకున్నాక సర్వర్లో ఉంచవద్దని దానికి చెప్పింది ఆయనే. కొత్త కంప్యూటరు వచ్చాక దాని ఉద్యోగం పోయిందని మాత్రం దానికి చెప్పలేదు. పాస్‌వర్డూ పదకొండేళ్ళుగా అదే, ఎవర్నీ ఇబ్బంది పెట్టకూడదని.

సెట్టింగుల్లో ఒక్క టిక్కు గుర్తు తీసేస్తే చాలు. తీసేశాడు. సర్వర్ వాళ్ళు బాగుచేశారంటే ఎవరు కాదంటారు? మిసావో ఒప్పందం సంగతి అమ్మగారే చూసుకుంటారు, ఆమెది దయగల మనసు... ఇలా ఆలోచన సాగుతుండగా తలుపు దగ్గర అలికిడైంది.

"ఇవాళ్టి పేర్లండీ." మిసావో చీటీ అందించింది. "కాగితం మీద రాశాను. ఇదైతే నా చెయ్యి జారినా కింద పడుతుంది, వెతుక్కోవచ్చు."

మర్నాడు ఉదయం, పని మొదలెట్టే ముందు సిబ్బంది అంతా వరసగా నిలబడే వేళ, ఒక నిమిషం మాట్లాడే వంతు హోసోయాది. ఎర్రబడ్డ ఆకుల గురించి నాలుగు ముక్కలు రాసుకున్న కాగితం జేబులోనే ఉండిపోయింది.

"ఉత్తరాలు చెరిపింది మిసావో గారు కాదు. నేను. నా పాత కంప్యూటరు పెట్టె."

అంతా విన్నాక తోకుకో గారు అడిగారు. "అంటే అతిథుల పేర్లు అందంగా రాయడానికి తెచ్చిన పెట్టె, అతిథుల్నే మింగిందా?"

"అవునమ్మగారూ."

"యంత్రానికి తేడా తెలీదన్నారు?"

"నాకూ తెలీదమ్మగారూ."

వెనక వరసలో వంటవాడు నవ్వాపుకోలేక దగ్గాడు. హోసోయా మిసావో వైపు తిరిగి నడుం వంచాడు. ఎంతసేపటికీ లేవలేదు. వినయం సగం, నడుం పట్టేయడం సగం.

"చాలు లేవండి మాస్టారూ," అంది మిసావో, భుజం పట్టి లేపుతూ.

ఆమె ఒప్పందం ఏడాదికి పొడిగించారు. మిఠాయి పెట్టె పట్టుకుని హోసోయా అంజాయ్ గారి ఊరు వెళ్ళి క్షమాపణ చెప్పుకుని వచ్చాడు. పై వారమే ఆ దంపతులు దిగారు. పాత పెట్టె తీగ పీకేసి ఉంది కాబట్టి పలక మీద వాళ్ళ పేరు చేత్తోనే రాశాడు. మొదటి అక్షరం లావు, చివరిది చోటు చాలక గోడవైపు ఒరిగింది.

ముసలావిడ పలక ముందు ఆగింది. "ఎవరమ్మా రాశారు? మా మనవడు కూడా ఇలాగే రాస్తాడు."

"మా మాస్టారండీ," అంది మిసావో.

గుమ్మంలో చెప్పులు సర్దుతున్న హోసోయా ఇంకాస్త కిందకి వంగి, అప్పటికే సరిగ్గా ఉన్న జతను మళ్ళీ సరిచేశాడు.