తమరు ఏ నెలలో నడిచారండీ?

జగ్గయ్యపేటలో బుడే సాహెబ్‌కి ఎదురుపడిన మనిషి ఆయన ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఇల్లు చేరడం కష్టం. ప్రశ్న ఒక్కటే. "తమరు ఏ నెలలో నడిచారండీ?" పెద్దవాళ్ళయితే తమరు, ఈడువాళ్ళయితే నువ్వు, బొత్తిగా కుర్రాళ్ళయితే "ఒరేయ్, మీ అమ్మకి ఫోన్ చేసి కనుక్కో, నేనిక్కడే కూచుంటా" అనేవాడు. కూచునేవాడు కూడా.

అడగడానికి వేళాపాళా లేదు. కృష్ణయ్య గారి అబ్బాయి కిషోర్‌బాబు పెళ్ళిలో అక్షింతలు వేయడానికి మండపం ఎక్కి, వెనక జనం తోసుకుంటుంటే, పెళ్ళికొడుకు చెవి దగ్గర వంగి ఇదే అడిగాడు. వీడియో తీసేవాడు అదేదో ఆశీర్వచనం అనుకుని కెమెరా దగ్గరికి తెచ్చాడు. ఇప్పటికీ ఆ వీడియోలో పెళ్ళికొడుకు "నాకేం తెలియదు బాబాయ్!" అని బిక్కమొహం వేయడం, పెళ్ళికూతురు అతని వంక అనుమానంగా చూడడం స్పష్టంగా కనిపిస్తాయి.

చిల్లకల్లు దగ్గర హైవే మీద హెల్మెట్ లేదని బండి ఆపిన కానిస్టేబుల్ థామస్‌నీ వదల్లేదు. ఇద్దరూ రోడ్డు పక్కన చాలాసేపు మాట్లాడుకున్నారనీ, ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారనీ, అయినా చలానా మాత్రం తప్పలేదనీ చూసినవాళ్ళు చెప్పారు.

"అందర్నీ అట్టా అడుగుతారేంటండీ, నవ్వరా?" అని ఎవరైనా అంటే ఆయన దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. ముప్పై ఏళ్ళు సిమెంటు లారీ తోలిన మనిషి. "లారీ డ్రైవరు దారి అడగడానికి సిగ్గుపడితే సరుకు ఇంకో ఊళ్ళో దిగుద్ది" అనేవాడు.

ఈ ప్రశ్న పుట్టింది ఆయన ఇంట్లోనే. కొడుకు నౌషాద్, కోడలు వాజిదాల కూతురు జాకియాకి మొదటి పుట్టినరోజు దాటింది. కేకు తినడం వచ్చింది గానీ లేచి నిలబడడం రాలేదు. నిలబడడం సరే, అందరు పిల్లల్లా మోకాళ్ళ మీద పాకనైనా పాకలేదు. పంచాయితీ పెద్దలా చాప మధ్యలో కూచుని, ఏదైనా కావాలంటే ఒక కాలు ముందుకి చాపి, ఒక చేయి నేలకి ఆనించి, కూచున్నది కూచున్నట్టే దేకుతూ పోయేది. ఆ వేగం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. వాజిదాకి మాత్రం గుండె జారిపోయేది.

నూనె రాసేటప్పుడల్లా ఆ బుల్లి కాళ్ళని తిప్పి తిప్పి చూసుకునేది. ఫోనులో వీడియోలు చూసేది. ఒకావిడ బాదంపాలు తాగించమనేది, ఒకావిడ ఇసుకలో నిలబెట్టమనేది, ఇంకొకావిడ అసలు భయపడాల్సిందేనని మొదలుపెట్టి మధ్యలో సబ్బు ప్రకటన వేసేది. నౌషాద్ టాక్సీ వేసుకుని హైదరాబాదు వెళితే ఎప్పుడొస్తాడో తెలియదు. అత్తగారు అనీసాని అడిగితే "నడుస్తదిలే, తొందరేముంది?" అని ఉల్లిపాయలు తరుక్కునేది.

ఇది చాలదన్నట్టు పక్కింటి పుష్పవతి రోజూ సాయంత్రం తన మనవడి చేయి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చేది.

"మావోడు తొమ్మిదో నెలలోనే నడిచాడు సాహెబ్ గారూ! మీ పాప ఇంకా లేవలా?"

"ఏంటమ్మా?" అనేవాడు బుడే సాహెబ్ చెవి దగ్గర చేయి పెట్టుకుని.

"తొమ్మిదో నెల!"

"అవునమ్మా, ఎండలు బాగా ముదిరినయ్. ఇంజను పక్కన కూచుని కూచుని ఈ చెవి పోయింది. మంచినీళ్ళు తాగుతావా?"

వీధి చివర నుంచి మనవరాలి తుమ్ము వినపడితే పరిగెత్తుకొచ్చే మనిషికి, అరుగు మీద పుష్పవతి అరుపు ఎందుకు వినపడదో వాజిదాకి అంతు పట్టేది కాదు.

ఆ తర్వాత ఇంటికి జనం రావడం మొదలైంది. మొదట ఆర్టీసీ కండక్టర్ జీవరత్నం. ఎవరో తెలియని మనిషి ఖాకీ చొక్కాతో గుమ్మంలో నిలబడితే వాజిదా కంగారుపడింది.

"రా, రా, కూచో. అమ్మాయ్, టీ పెట్టు. ఈయన చెప్పేది విను" అన్నాడు బుడే సాహెబ్, బంగారు గని దొరికినవాడిలా.

జీవరత్నం గొంతు సవరించుకున్నాడు. "నేను రెండో ఏడు దగ్గరపడ్డాకే నడిచానంటమ్మా. మా నాయనమ్మ చంక దిగలేదంట. ఇప్పుడు చూడు, రోజంతా నిలబడే ఉద్యోగం. కూచుందామంటే సీటుండదు!"

రెండు రోజులకి కృష్ణయ్య గారి అమ్మాయి ఆమని వచ్చింది. బళ్ళో పిల్లలకి ఆటలు నేర్పే టీచరు. "నేను ఏడాదిన్నర దాటాక నడిచానంట అక్కా. నడక ముచ్చట నాలుగు రోజులేనంట, తర్వాతంతా పరుగే. మా అమ్మ ఇప్పటికీ అంటది, నేను నడవకముందే తనకి హాయిగా ఉండేదని" అని చెప్పి, జాకియాని ఎత్తుకుని ముద్దు పెట్టి, టీ తాగి వెళ్ళింది. ఆ తర్వాత ఒక వడ్రంగి, ఒక బ్యాంకు ఉద్యోగి, చెవిటికల్లు నుంచి మిర్చి అమ్ముకోవడానికొచ్చిన రైతు. అందరూ ఆలస్యంగా నడిచినవాళ్ళే. అందరికీ టీ.

"ఈ ఇంట్లో పిల్ల తప్ప అన్నీ నడుస్తున్నయ్. టీ పొడయితే పరిగెడుతోంది" అంది అనీసా ఖాళీ డబ్బా బోర్లించి.

వాజిదాకి మొదట కోపం వచ్చింది. కొన్నాళ్ళకి కోపం పక్కన వింత అనిపించసాగింది. ఈ ఊళ్ళో తొందరగా నడిచినవాళ్ళే లేరా? నందిగామలో ఉన్న తల్లికి ఫోనులో చెబితే ఆవిడ కాసేపు ఆలోచించి, "మీ ఊరి నీళ్ళలోనే ఏదో ఉందే" అని తేల్చేసింది.

ఒక రోజు కూరగాయల బజారులో ముక్కూమొహం తెలియని ఒకావిడ వంకాయలు ఏరుతూ, "నడవని పాప మీ పాపేనామ్మా?" అని అడిగింది. జాలిగానే అడిగింది. ఆ జాలే వాజిదాకి ముల్లులా దిగింది. సంచీ సగం నిండకుండానే ఇంటికొచ్చి మామగారి ముందు నిలబడింది.

"మామయ్యా, నా బిడ్డ నడవట్లేదని ఊరంతా చాటింపు వేస్తున్నారు మీరు. పెళ్ళిలో అడిగారు, బస్సులో అడిగారు, రోడ్డు మీద పోలీసుని పట్టుకుని అడిగారు. రేపు అది నడిచినా సరే, 'నడవని పాప' అనే పేరు నిలిచిపోదా?"

బుడే సాహెబ్ ఆమె వంక చూశాడు, చాప మీద దేకుతున్న మనవరాలి వంక చూశాడు. "తప్పేనమ్మా. ఇంకడగను" అన్నాడు.

అడగలేదు కూడా. దానితో ఊరు తికమకపడింది. ఆయన గడ్డం గీయించుకుని ఒక్క మాటా మాట్లాడకుండా కుర్చీలోంచి లేచేసరికి మంగలి భవానీప్రసాద్ భయపడి, "ఒంట్లో బాగుందా సాహెబూ?" అన్నాడు. బస్టాండులో జీవరత్నం తానే పిలిచి పలకరించినా తల ఊపి వెళ్ళిపోయాడు. అనీసా కోడలి దగ్గరకొచ్చి, "నీకు పుణ్యముంటది, ఏదన్నా ఒక్కటి అడగమని చెప్పవే. ఈయన మౌనం నా వల్ల కావట్లా" అంది.

ఆ వారం చివర ఆయనే వాజిదా దగ్గరకి వచ్చి, పక్కకి చూస్తూ అన్నాడు. "అమ్మాయ్, నందిగామలో పిల్లల డాక్టరమ్మ ఉందంట, భారతీదేవి గారని. పాపని తీసుకుని పోదాం. నేను తెలిసినోళ్ళందర్నీ అడిగా. నీ బెంగ పోవాలంటే చదువుకున్నామెని అడగాలి."

డాక్టరమ్మ నిదానస్తురాలు. జాకియా కాళ్ళు, నడుము, వీపు అన్నీ చూసింది. చంకల కింద చేతులు వేసి నిలబెట్టబోతే పిల్ల కాళ్ళు రెండూ ముందుకి చాపి గాల్లోనే కూచుంది. డాక్టరమ్మ నవ్వింది. ఒక బొమ్మని దూరంగా పెట్టింది. జాకియా దేకుతూ వెళ్ళి దాన్ని పట్టుకుని, వెనక్కి తిరిగి, అందరి వంకా దర్జాగా చూసింది.

"కాళ్ళల్లో బలముంది, భయపడాల్సింది నాకేం కనపడలేదమ్మా. ఇట్లా దేకే పిల్లలు కొందరు నడక ఆలస్యం చేస్తారు. చంకనెత్తుకోవడం తగ్గించి నేల మీద వదలండి, లేచి పట్టుకోవడానికి ఎత్తుగా ఏదన్నా అందుబాటులో పెట్టండి. ఏడాదిన్నరకి మళ్ళీ తీసుకురండి, అప్పటికీ నడవకపోతే ఇంకా వివరంగా చూద్దాం" అంది. తర్వాత, "మీ ఇంట్లో చిన్నప్పుడు ఇంకెవరన్నా ఇట్లా దేకారా?" అని అడిగింది.

బుడే సాహెబ్ అప్పటిదాకా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని బిగుసుకు కూచున్నాడు. ఇలాంటి ప్రశ్న ఇంకొకరి నోట విని ప్రాణం లేచొచ్చినట్టయింది. అడగొచ్చా అన్నట్టు కోడలి వంక చూశాడు. వాజిదా తల ఊపింది. వెంటనే అనీసాకి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాడు.

"ఏమే, మనోడు చిన్నప్పుడు దేకాడా?"

"దేకకపోతే? దేకి దేకి ఎన్ని లాగులు చించాడో! ఏడాదిన్నర దాటాకగానీ లేవలా. నువ్వు లారీ మీదుంటే నీకెట్టా తెలుస్తది?"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"ఊరంతా అడిగావు. నన్నడిగావా?"

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకుంది. బుడే సాహెబ్ ఫోను జేబులో పెట్టుకుని, "అవును, వాడి మొదటి అడుగు నేను చూళ్ళా. ఆ రోజు గుంటూరులో బస్తాలు దింపిస్తున్నా" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతో తానే అన్నట్టు. వాజిదా ఆ మాట విని ఆయన వంక కొత్తగా చూసింది.

తిరిగి వచ్చేటప్పుడు చిల్లకల్లు దగ్గర బస్సు దిగారు. ఆయన ఆటో మాట్లాడడానికి రోడ్డు దాటాడు. వాజిదా పాపతో నీడలో నిలబడితే డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ దగ్గరకొచ్చాడు.

"మీరు సాహెబ్ గారి కోడలా అమ్మా? నా పేరు థామస్. పాపకెట్లా ఉంది?"

"డాక్టరమ్మ ఏం భయం లేదందండీ."

"హమ్మయ్య! ఆయన నన్నడిగినప్పుడు నాకు తెలీక, తొమ్మిదో నెలలోనే నడిచానని చెప్పేశా. పాపం, మొహం వాడిపోయింది. నా చేయి పట్టుకుని, 'బాబూ, మా కోడలు కనపడితే ఈ మాట మాత్రం అనొద్దు, అసలే చానా బెంగపడతా ఉంది' అని ఒట్టేయించుకున్నాడు. చలానా గురించి ఒక్క మాటడగలా!" అంటూనే థామస్ నాలుక కరుచుకున్నాడు. "అయ్యో! ఒట్టేసి మీకే చెప్పేశానే!"

వాజిదా నవ్వలేక నవ్వింది. ఇంతకాలం అంతు పట్టనిది ఒక్కసారిగా అర్థమైంది. ఊళ్ళో తొందరగా నడిచినవాళ్ళకేం కొదవ లేదు. వాళ్ళందరి నోళ్ళూ బతిమాలి మూయించి, ఆలస్యంగా నడిచినవాళ్ళని మాత్రం ఒక్కొక్కరినీ ఏరి, చేయి పట్టుకుని, ఆమె ముందు తెచ్చి కూచోబెట్టాడు ఈ మనిషి. చాటింపు వేసింది మనవరాలి గురించి కాదు. కోడలికి ధైర్యం కోసం ఇల్లిల్లూ తిరిగి అడుక్కున్నాడు.

ఆటో కదలగానే, "మామయ్యా, రేపట్నుంచి మళ్ళీ అడగండి" అంది.

"నిజంగానా అమ్మా?"

"నిజంగానే. తొందరగా నడిచినవాళ్ళని కూడా తీసుకురండి. నాకేం భయం లేదు. వాళ్ళకీ టీ ఇస్తా."

బుడే సాహెబ్ ఉలిక్కిపడి ఆమె మొహంలోకి చూశాడు. థామస్ నిలబడ్డ వైపు వెనక్కి తిరిగి చూశాడు. సంగతి అర్థమై సిగ్గుగా నవ్వాడు. "తొందరగా నడిచినోళ్ళకి టీ ఎందుకమ్మా, వాళ్ళు ఆగరుగా!" అన్నాడు.

వానలు తగ్గాక ఒక ఉదయం, బుడే సాహెబ్ అరుగు ముందు నిలబడి గ్యాస్ బండ తెచ్చిన మనిషిని ప్రశ్న అడుగుతున్నాడు. జాకియా దేకుతూ వచ్చి ఆయన లుంగీ అంచు పట్టుకుంది. పట్టుకుని లాగింది. లాగి, దాని ఆసరాతో లేచి నిలబడింది. కదిలితే పిల్ల పడుతుంది. కదలకపోతే లుంగీ ఊడుతుంది. రెండు చేతులా నడుము దగ్గర ముడి పట్టుకుని కేక పెట్టాడు.

"అమ్మాయ్! పట్టుకో, పట్టుకో!"

వాజిదా వంటింట్లోంచి పరుగున వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. "దేన్ని మామయ్యా, పాపనా, లుంగీనా?"

"ముందు లుం... కాదు కాదు, పాపని!"

ఆ తగువు జాకియానే తీర్చింది. లుంగీ వదిలేసి, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, తూలుకుంటూ తల్లి వైపు నడిచింది. బుడే సాహెబ్ ముడి పట్టుకున్న చేతులు తీయకుండానే, తువ్వాలు అందక భుజానికి మొహం తుడుచుకుంటూ, ఒక్క అడుగు కూడా వదలకుండా చూశాడు.