మిషన్ల అక్క కుడిచేయి

ఆవిడ గుమ్మంలో అడుగుపెడితే చాలు, మూలనపడ్డ కుట్టుమిషన్లు భయానికి వాటంతటవే తిరిగేవని చెప్పుకుంటారు. అంత నమ్మలేనివాళ్లు సగం నమ్మినా చాలు. పేరుతో పనిలేకుండా అందరూ మిషన్ల అక్క అనేవారు. మోటార్‌సైకిల్ వెనక పనిముట్ల పెట్టె కట్టుకుని ఊరూరా తిరిగి కుట్టుమిషన్లు బాగుచేయడం ఆవిడ పని.

ఆ ఏడు కుడిచేయి ఎదురుతిరిగింది. యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుని దూరం పోతే మణికట్టు మొద్దుబారి, వేళ్లు తనవి కానట్టుండేవి. అన్నిటికన్నా దూరాన, తిన్నని పెద్దరోడ్డు చివర, స్కూలు యూనిఫాంలు కుట్టే షెడ్డు ఉంది. అక్కడికి చేరాక చేయి స్వాధీనంలోకి రావడానికే ఓ పూట పట్టేది. షెడ్డు మేస్త్రి నసుగుతూనే చెప్పేశాడు.

"అక్కా, వచ్చేసారి కూడా ఇట్లాగే అయితే దగ్గర్లో ఇంకెవరినైనా చూసుకుంటాం. ఏమనుకోకు."

ఆవిడ బతుకుతెరువులో సగం ఆ షెడ్డే.

మోటార్‌సైకిళ్ల మెకానిక్ అయిన తమ్ముడు అప్పటికప్పుడే తీర్పు చెప్పేశాడు. "ఇంక తిరిగింది చాలక్కా. నా షాపులో కుర్చీ వేస్తా, గల్లాపెట్టె దగ్గర కూర్చో."

"నీ గల్లాపెట్టెలో బొద్దింకలు తప్ప ఏమున్నాయిరా కాపలా కాయడానికి? యాక్సిలరేటర్‌ని తిప్పినచోటే పట్టి ఉంచే లాకు ఉంటుందట. అది తెప్పించు."

"అది పెడితే బండి నీ మాట వినదు!"

"వినేదాన్నే ఏరుకుంటాలే."

తమ్ముడు సణుక్కుంటూనే మూడు రకాలు తెచ్చాడు. మొదటిది అరచేయి ఆనించుకునే ప్లాస్టిక్ రెక్క. సందు మలుపులో అరచేయి దానికి తగిలి బండి ఒక్క దూకు దూకింది. అక్కడ పడుకున్న కుక్క ఇప్పటికీ ఆ సందు మొహం చూడదట. రెండోది హ్యాండిల్ చివర బిగించే మర. "లారీ అడ్డమొస్తే మర విప్పుతూ కూర్చోనా?" అని పక్కన పెట్టేసింది. మూడోది యాక్సిలరేటర్ గ్రిప్పు మొదట్లో పట్టే ఇనప కడియం. దాని మీటను బొటనవేలితో నొక్కితే, పక్కనున్న స్విచ్చుల డబ్బాకు ఒరుసుకుని గ్రిప్పును తిప్పినచోటే ఆపుతుంది. చేత్తో వెనక్కి తిప్పితే మాత్రం లొంగిపోవాలి.

"ఇదీ లెక్కంటే," అంది.

తానే బిగించింది. బ్రేకుకు అడ్డం రాకుండా చూసుకుంది. హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పి చూసింది. అంతా బాగానే ఉంది. తీరా రోడ్డెక్కి మీట నొక్కితే గ్రిప్పు మెల్లగా జారిపోయింది, బండి నీరసపడింది. ఇంకాస్త బిగించింది. మళ్లీ జారింది. పళ్లు కొరుక్కుని ఇంకా బిగిస్తే, మీట తీసినా గ్రిప్పు వెనక్కి రాలేదు. వెంటనే ఇంజన్ ఆపేసి, బండిని తోసుకుంటూ షాపుకొచ్చింది.

"కుర్చీ తుడవనా?" అన్నాడు తమ్ముడు.

"నోరు మూసుకుని ఆ పానా ఇటివ్వు."

కడియం ఊడదీసి వేలితో రాసింది. వేలు తళతళలాడింది. నూనె! రెండు ఇనుములు కలిసిన చోటల్లా ఓ చుక్క వేయడం ఆవిడ చేతికి పుట్టుకతో వచ్చిన విద్య. బిగించేముందు ఆ చేయి ఆవిడను అడక్కుండానే తన పని కానిచ్చేసింది. ఒరుసుకుంటే తప్ప ఆగని వస్తువుకు నూనె పోస్తే జారక ఏం చేస్తుంది?

తమ్ముడు నవ్వాపుకోలేక నేలమీద చతికిలబడ్డాడు. ఆవిడ నవ్వలేదు. కడియాన్నీ, స్విచ్చుల డబ్బా అంచునూ పెట్రోలు గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఈసారి వేళ్లతో లాగితే కదిలేంత మాత్రమే బిగించింది. మీట తీయగానే గ్రిప్పు టక్కున వెనక్కొచ్చింది. మీట వేస్తే ఉన్నచోటే నిలబడింది, వెనక్కి తిప్పితే లొంగింది. తమ్ముడు లేచొచ్చి తనూ తిప్పి చూశాడు.

పొద్దున్నే పెద్దరోడ్డెక్కింది. రోడ్డు ఖాళీగా ఉన్నచోట మీట నొక్కి, అరచేయి అలాగే ఉంచి, పిడికిలి మాత్రం సడలించింది. బండి సాఫీగా సాగిపోయింది. ముందు ట్రాక్టర్ కనిపించగానే గ్రిప్పు వెనక్కి తిప్పి, బ్రేకు తొక్కి, దాన్ని దాటాక మళ్లీ మీట నొక్కింది. దారి పొడుగునా వేళ్లు ఒక్కొక్కటే ఆడించుకుంటూ పోయింది.

షెడ్డులో మేస్త్రి మంచినీళ్లు తెచ్చేలోపే ఆవిడ మొండికేసిన మిషన్‌ని బోర్లించి, మర తీసేసింది. మధ్యాహ్నానికి షెడ్డంతా మిషన్ల చప్పుడు.

"నువ్వే రావాలక్కా ఇకమీదట కూడా," అన్నాడు మేస్త్రి. "అవతల మా బావమరిది షెడ్డులో కూడా మిషన్లు మూలుగుతున్నాయి గానీ, అదింకా దూరం..."

"రోడ్డు తిన్ననేనా?"

"తిన్ననే."

"ఎటు తిరగాలో చెప్పు," అంటూ ఆవిడ పెట్టె కట్టేసింది.